ఇంటి తొట్టెలో సొరచేప

2017 ఆగస్టు 23వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రపు పర్యావరణ పరిరక్షణ శాఖ అధికారులు లాగ్రాంజ్ అనే ఊళ్ళో ఒక ఇంటిని సోదా చేశారు. ఆ ఇంటి నేలమాళిగలో, పిల్లలు వేసవిలో జలకాలాడడానికి వాడే రకపు గుండ్రని కృత్రిమ కొలను ఒకటి ఉన్నది. దాని వ్యాసం 15 అడుగులు. అందులో శాండ్‌బార్ జాతి సొరచేపలు ఏడు ప్రాణాలతో తిరుగుతున్నాయి. వాటి పొడవు రెండు మొదలు నాలుగు అడుగులు. చనిపోయిన లెపర్డ్ సొరలు రెండు, సుత్తివంటి తల గల సొర ఒకటి కూడా ఆ ఇంట్లోనే దొరికాయి. బ్రతికి ఉన్నవాటిని జీవశాస్త్రజ్ఞులు కొలిచి, నెత్తురు నమూనాలు తీసి, గుర్తులు తగిలించి, రివర్‌హెడ్‌లోని లాంగ్ ఐలండ్ అక్వేరియంకు తరలించారు. అంతకు నెల రోజుల క్రితమే ఆ ఇంటి యజమాని జార్జియా రాష్ట్రంలో, బండిమీద నీటితొట్టెలో ఐదు చిన్న సొరలను తీసుకొనిపోతూ పట్టుబడి ఉన్నాడు. 2021లో అతడు నేరం ఒప్పుకొన్నాడు. 5,000 డాలర్ల జరిమానా పడింది.

ఇందులో గమనించదగ్గ విషయం ఒకటి ఉన్నది. శాండ్‌బార్ సొర ఆ రాష్ట్రంలో రక్షణ పొందిన జాతి. దాన్ని అనుమతి లేకుండా అమ్మే ఉద్దేశంతో ఉంచుకోవడమే నేరమైంది. పదిహేను అడుగుల కొలను నేరంలో భాగం కాదు. అదే కొలనులో చట్టం అడ్డు చెప్పని మరొక జాతి సొర ఉండి ఉంటే అధికారులకు ఆ ఇంట పని ఉండేది కాదు. అయితే ఆ జాతికి మాత్రం కొలను పెద్దదవుతుందా? న్యాయస్థానానికి అవసరం పడని ఈ ప్రశ్ననే ఇక్కడ విమర్శకు తీసుకొంటున్నాను. పెద్దగా పెరిగే సొరను ఇంట్లో పెంచడం సబబేనా అన్నది తొట్టెలోని నీరు పాడైన రోజున కాక, చేపను కొన్న రోజుననే తేల్చవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఈ అభిరుచికి ఎంతో ప్రచారం ఇచ్చిన టెలివిజన్ కార్యక్రమం ఒకటున్నది. 2011 నుండి 2018 వరకు యానిమల్ ప్లానెట్ ఛానెల్‌లో వచ్చిన ‘టాంక్డ్’ అది. లాస్ వేగాస్ నగరంలోని ఒక సంస్థవారు ధనికుల ఇళ్ళకు, వ్యాపారశాలలకు పెద్దపెద్ద అక్రిలిక్ తొట్టెలు కట్టి ఇస్తూంటారు. పనితనంలో వారికి వంక పెట్టనక్కరలేదు. టన్నుల కొలది నీటి ఒత్తిడిని తట్టుకొనే పలకలను అతికించడం, వాటిని మేడమీదికి చేర్చడం, వడపోత యంత్రాలను కంటికి కనబడకుండా అమర్చడం, ఇవన్నీ భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు కూడా చూడదగ్గవే. నా అభ్యంతరమల్లా ఆ కథ ముగిసే చోటున. ప్రతి భాగమూ ఒకే విధంగా ముగుస్తుంది: తొట్టె నింపుతారు, చేపలను వదులుతారు, యజమాని చూసి ఆశ్చర్యపడతాడు, చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొడతారు. అంతటితో కథ అయిపోయింది. నిజానికి తొట్టెలోని జంతువు కథ ఆ రోజుననే మొదలవుతున్నది. మూడేళ్ళ తరువాత, పదేళ్ళ తరువాత ఆ తొట్టె ఎట్లా ఉన్నది, అందులోని చేప ఎంత అయింది అన్నది ఆ కథన పద్ధతిలో ఇమడదు. చూచినవారి మనస్సులో మిగిలేది మాత్రం ఆ మొదటి రోజు బొమ్మ.

ఆ తరువాతి రోజులను మనం లెక్క కట్టి చూద్దాం. నర్స్ సొర అనే జాతి అట్లాంటిక్ సముద్రపు వెచ్చని తీరాలలో ఉంటుంది. అమెరికాలో చేపల వర్తకుల వద్ద తరచుగా దొరికే పెద్ద సొర ఇదే. పుట్టినప్పుడు దాని పొడవు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే మన బడిపిల్లలు వాడే స్కేలంత. చర్మంమీద చిన్న చుక్కలు ఉండి చాలా ముచ్చటగా ఉంటుంది. పెరిగినప్పుడు 2.4 మీటర్లు సామాన్యం. 3 మీటర్ల దాకా పెరిగేవీ ఉన్నాయి. పాతిక సంవత్సరాలకు పైగా బ్రతుకుతుంది.

పొడవు 30 సెంటీమీటర్ల నుండి 240కి పెరిగింది. అంటే ఎనిమిది రెట్లు. శరీరపు ఆకృతి మారకుండా పొడవు ఎనిమిది రెట్లయితే బరువు ఎన్ని రెట్లవుతుంది? ఎనిమిది యొక్క ఘనం, 512 రెట్లు. తిండి, విసర్జన అదే నిష్పత్తిలో పెరగవు. పెద్ద జంతువులో కిలో బరువుకు జీవక్రియ కొంత మందగిస్తుంది. చేపలలో ఇది సుమారుగా బరువు యొక్క 0.8 ఘాతాన్ని అనుసరిస్తుంది. 512ను 2 యొక్క తొమ్మిదవ ఘాతంగా వ్రాసుకొంటే తొమ్మిదో తరగతి విద్యార్థి కూడా లెక్క తేల్చగలడు: 2 యొక్క 7.2వ ఘాతం, దాదాపు 147. అంటే మొదటి రోజున సరిపోయిన వడపోత యంత్రం చివరకు సుమారు నూట యాభై రెట్ల మలినాన్ని శుద్ధి చేయవలసి ఉంటుంది. ఇంటి గదిలో పెట్టగల తొట్టెలలో పెద్దదని చెప్పదగిన ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు గల తొట్టెను తీసుకోండి. అందులో పట్టే నీరు సుమారు 2,700 లీటర్లు, బరువు 2.7 టన్నులు. ఆ తొట్టె పొడవు ఎనిమిది అడుగులు; పెరిగిన సొర పొడవూ ఎనిమిది అడుగులే.

‘చేప తన తొట్టెకు తగినంతే పెరుగుతుంది’ అనే మాట పెంపకందారులలో బాగా వ్యాపించి ఉన్నది. దీన్ని ఓదార్పు మాట అనాలేగాని శాస్త్రం అనడానికి వీలులేదు. ఇరుకు తొట్టెలో చేప కురచగా మిగిలిపోవడం నిజమే. అది చెడిన నీరు, చాలని తిండి, ఎడతెగని ఒత్తిడి మూలంగా పెరుగుదల దెబ్బతినడమే కాని తొట్టెకు సర్దుకొనిపోవడం కాదు. కరువులో పెరిగిన బిడ్డ పొట్టిగా ఉంటే, ఇంటి గడప ఎత్తుకు తగినట్లు పెరిగాడని ఎవరమైనా అంటామా?

స్థలం సంగతికి వస్తే, సొరకు అది ఎందుకు అంత అవసరమో తెలియాలంటే సొర ఈదే పద్ధతి తెలియాలి. బొచ్చె, శీలావతి వంటి ఎముక చేపల పొట్టలో గాలితిత్తి ఉంటుంది. ఆ గాలిని సర్దుకొంటూ అవి నీటిలో ఉన్నచోటనే నిలువగలవు. సొరకు గాలితిత్తి లేదు. దాని అస్థిపంజరం తేలికైన మృదులాస్థి. పెద్ద కాలేయంలో నీటికంటె తేలికైన నూనె ఉంటుంది. ఇంత ఉన్నా దాని శరీరం నీటికంటె కాస్త బరువే. అందుచేత ముందుకు కదులుతూ, రొమ్ము రెక్కలను విమానపు రెక్కలవలె చాచి, నీటి నుండి ఎత్తుబలం పొందుతుంది. తోకతో నాలుగు తోపులు తోసి, తరువాత ఊరకే జారుతూ పోతుంది. మళ్ళీ తోస్తుంది, మళ్ళీ జారుతుంది. జారే దూరమే దానికి విశ్రాంతి. ఆ దూరం ముగియకముందే గోడ ఎదురైతే మలుపు తిరగాలి. మలుపులో వేగం పోతుంది, మళ్ళీ తోయాలి. చాలా జాతుల సొరలు వెనుకకు ఈదలేవు గనుక మూలలో చిక్కుకొంటే ముక్కు గోడకు ఒరుసుకొంటుంది. ఇరుకు తొట్టెలలోని సొరల ముక్కుమీద పుండ్లు పడడానికి కారణం ఇదే.

శాండ్‌బార్ సొర, నల్లకొన రెక్కల పగడపుదిబ్బ సొర వంటి జాతులకు మరొక నిర్బంధం ఉన్నది. నోరు తెరచి ముందుకు ఈదుతూంటేనే వాటి మొప్పల గుండా చాలినంత నీరు ప్రవహిస్తుంది. ఈదడం ఆగితే శ్వాస సరిగా ఆడదు. లాగ్రాంజ్ కొలనునే తీసుకొంటే, దాని చుట్టుకొలత 47 అడుగులు. గోడను ఆనుకొని ఈదే సొర ఒక కిలోమీటరు దూరం పోవాలంటే 70 చుట్లు తిరగాలి, ఎప్పుడూ ఒకే వైపుకు వంగి. ఆ జాతి పిల్లలు అమెరికా తూర్పుతీరంలోని చెసాపీక్, డెలావేర్ అఖాతాలలో వేసవి గడిపి, చలికాలానికి దక్షిణాన ఉన్న కరోలినా తీరానికి పోతాయి. ఏటేటా ఈ ప్రయాణమే.

నర్స్ సొర విషయంలో పెంపకందారులు చెప్పే సమాధానం వేరు. అది ఆగి ఉండగలదు. నోటితో నీటిని పీల్చి మొప్పల మీదుగా పంపుకొంటుంది. పగలంతా రాతి సందులలో తోటివాటితో కలిసి పడుకొనే ఉంటుంది. ‘కదలని చేపకు చోటెందుకు?’ అని వారి వాదం. ఈ వాదంలో కొంత నిజమున్నది కాబట్టే అది మోసగిస్తున్నది. పగలు చూచేవారికి ఆ చేప బద్ధకస్తుని వలె కనబడుతుంది. దాని పని రాత్రివేళ. చీకటి పడితే వేటకు బయలుదేరి, తెల్లవారేసరికి తరచు తన పాత సందుకే తిరిగి వస్తుంది. మనిషి నిద్రపోయే గంటలలోనే అది ఎక్కువగా బ్రతుకుతున్నదన్నమాట.

కంటికి కనబడని ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. సొర తలమీద సన్నని రంధ్రాల గుంపులు ఉంటాయి. లోరెంజీని అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు 1678లోనే వీటిని వర్ణించాడు. అవి ఎందుకో తెలియడానికి చాలాకాలం పట్టింది. ఇసుకలో దాగిన చేప కండరాల నుండి వెలువడే అతి స్వల్పమైన విద్యుత్ క్షేత్రాన్ని సొరలు, టేకి చేపలు వీటితో పసిగట్టి వేటాడతాయని 1971లో కాల్మిజిన్ నిరూపించాడు. సెంటీమీటరుకు ఒక వోల్టులో కోట్లవంతు తేడాను సైతం గుర్తించగల ఇంద్రియమది. ఉప్పునీటిలో మునిగిన లోహపు భాగాలు, సరిగా తొడుగు లేని పంపులు, దీపాలు పుట్టించే విద్యుత్తు ఆ ఇంద్రియానికి ఎడతెగని రొద. తొట్టె ముందు నిలబడిన మనకు అంతా నిశ్శబ్దంగానే ఉంటుంది.

నీటి సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. చేప విసర్జించే అమోనియాను వడపోతలోని సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ అమోనియా అంత విషం కాదు గనుక అది పేరుకొన్నా పరవాలేదని చాలామంది అనుకొంటారు. అయితే నీటిలో నైట్రేట్ ఎక్కువై అయొడిన్ తగ్గినప్పుడు సొరలలో థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది. మన కొండప్రాంతాల ప్రజలలో అయొడిన్ లోపం వలన వచ్చే గళగండమే ఇది, చేప గొంతులో. ఇతర చేపల జబ్బులకు సామాన్యంగా వాడే రాగి మందులు సొరకు విషం. ఇవన్నీ తెలిసి, రోజూ నీటిని పరీక్షించే పెంపకందారులు ఉన్నారు. వారి శ్రద్ధను నేను తక్కువ చేయను. అయినా శ్రద్ధతో తొట్టె పొడవు పెరగదు.

ఇక్కడ ఒక మాట. సొరకు నొప్పి తెలుస్తుందా అని విద్యార్థులు అడుగుతారు. ఎముక చేపలలో నొప్పిని గ్రహించే నాడీతంతువులు ఉన్నాయని 2000 తరువాత ట్రౌట్ చేపలమీద జరిగిన పరిశోధనలు చూపాయి. సొరలలో అటువంటి తంతువులు చాలా తక్కువగా కనబడ్డాయి. కాబట్టి నొప్పి మీద ఆధారపడి సొర పక్షాన వాదించడం బలహీనమైన వాదం అవుతుంది. దానికి నేర్పు ఉన్నదన్నది మాత్రం రూఢి: 1950ల చివర ఫ్లారిడాలో యూజినీ క్లార్క్ అనే శాస్త్రవేత్త నిమ్మసొరలకు ఒక పలకను ముక్కుతో నొక్కి తిండి సంపాదించుకోవడం నేర్పింది. నొప్పి సంగతి తేలినా తేలకపోయినా, ఈదడానికీ, వేటాడడానికీ, పెరగడానికీ ఏర్పడిన శరీరానికి ఆ మూడూ లేకుండా చేస్తున్నామన్నది తేలిన విషయమే.

‘పెద్ద మత్స్యప్రదర్శనశాలలు చేస్తున్న పనే కదా’ అన్నది తరువాతి వాదం. దీనికి కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం ఉదాహరణ చాలు. అక్కడివారు 2004 సెప్టెంబరులో ఒక పిల్ల తెల్లసొరను దాదాపు 38 లక్షల లీటర్ల తొట్టెలో ఉంచారు. వచ్చినప్పుడు దాని బరువు 62 పౌండ్లు. 198 రోజుల తరువాత 2005 మార్చి 31న సముద్రంలో వదిలినప్పుడు 162 పౌండ్లు. అప్పటికే అది అదే తొట్టెలోని వేరొక జాతి సొరలను రెండింటిని చంపి ఉన్నది. శరీరానికి గుర్తు పరికరం తగిలించి, తన తీరంలోనే వదిలారు. తరువాతి సంవత్సరాలలో మరి ఐదింటిని ఇట్లాగే ఉంచి చూశారు. 2011లో ఉంచిన చివరిది వదిలిన కొద్దిసేపటికే చనిపోయింది. అంతటితో ఆ ప్రయత్నం ఆగిపోయింది. జపాన్‌లోని ఒకినావాలో 2016 జనవరిలో వలలో పడిన మూడున్నర మీటర్ల తెల్లసొరను చురావుమి అక్వేరియంలో ఉంచితే మూడు రోజులకే చనిపోయింది.

ఈ సంస్థలను నిర్దోషులని అనడం నా ఉద్దేశం కాదు. జనాన్ని రప్పించడానికి పెద్ద సొర ఎంత పనికివస్తుందో వారికి బాగా తెలుసు. అయినా మాంటెరేలో ఒక తలుపు తెరచి ఉన్నది: చేప తొట్టెకు మించితే దాన్ని పట్టిన సముద్రంలోనే, పరిశోధకుల కనుసన్నలలో వదిలే మార్గం. ఇంటి యజమానికి ఆ తలుపు లేదు. దుకాణంలో కొన్న సొర ఏ తీరానిదో అతనికి తెలియదు. తొట్టెలోని రోగాలతో దాన్ని తోచిన సముద్రంలో వదలడం మరొక తప్పు. ‘పెద్దదైనాక ఏదైనా అక్వేరియంకు ఇచ్చేస్తాను’ అనేవారికి ఆ అక్వేరియం ద్వారం దగ్గర ఎదురయ్యేది సాధారణంగా నిరాకరణ. వారి దగ్గరా చోటు కొలిచినంతే.

మరొక వాదం బలమైనది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ప్రపంచంలో ఏటా సుమారు పది కోట్ల సొరలు చేపలవేటలో చస్తున్నాయని 2013లో ప్రకటించిన ఒక అంచనా. 1970 తరువాతి యాభై ఏళ్ళలో నడిసముద్రపు సొరల, టేకి చేపల సంఖ్య 71 శాతం తగ్గిందని 2021లో మరొక పరిశీలన తేల్చింది. ఇంత నష్టంలో ఇళ్ళలోని కొద్దిపాటి సొరలు ఎంత? జాతి మనుగడ దృష్టితో చూస్తే నిజంగానే కొంచెం. ఇంటి తొట్టెల వలన సొరజాతి అంతరిస్తున్నదని ఎవరైనా అంటే అది అతిశయోక్తి. కాని వల వేసేవాడు కూటికోసం వేస్తున్నాడు. వాడి తప్పొప్పులు వేరే లెక్క. బైట ఎంతమంది చస్తున్నా, మన ఇంట్లో ఉన్న ఒక్కదానికి మనమే బాధ్యులం.

పైగా ఆ కొద్దిపాటి సొరలు ఎక్కడినుండి వస్తున్నాయో చూడాలి. కాలిఫోర్నియాలో లెపర్డ్ సొరను పట్టాలంటే కనీసం 36 అంగుళాల పొడవు ఉండాలని నియమం. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో 1990ల నుండి 2003 వరకు ఒక ముఠా అంతకంటె ఎంతో చిన్నవైన పిల్లలను వేలకొలది పట్టి, దేశవిదేశాల దుకాణాలకు పంపింది. 2007లో వారికి శిక్షలు పడ్డాయి. ఆ పిల్లలనే పట్టడానికి కారణం స్పష్టం: ఇంటి తొట్టెలో పట్టేది పిల్లే కాని పెద్దది కాదు. ఈ జాతి అయిదడుగుల దాకా పెరుగుతుంది. చల్లని నీటికి అలవాటైనది. వెచ్చని తొట్టెలో రంగురంగుల ఉష్ణమండలపు చేపల నడుమ దాన్ని వేసినవారు కొనేముందు ఈ రెండు సంగతులు అడగలేదు, అమ్మినవారు చెప్పలేదు. 2022 నవంబరులో పనామా నగరంలో జరిగిన సైటీస్ సమావేశం శాండ్‌బార్, నల్లకొన రెక్కల సొరలు చేరిన కుటుంబం మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చింది. నర్స్ సొర ఆ కుటుంబానిది కాదు. ఆ నియంత్రణ కూడా చేప ఎక్కడినుండి వచ్చిందని అడుగుతుంది కాని ఎంత తొట్టెలోకి పోతున్నదని అడగదు.

అన్ని సొరలనూ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. వెదురుసొరలు, భుజకీర్తి వంటి మచ్చగల ఎపాలెట్ సొరలు మీటరుకు అటూయిటుగా పెరిగి ఆగుతాయి. అడుగున పాకుతూ, ఆగుతూ తిరుగుతాయి. గుడ్లు పెడతాయి, తొట్టెలలోనే పిల్లలు పుట్టి పెరిగిన వంశాలున్నాయి. విశాలమైన తొట్టె, చాలినంత ధనం, ఇరవై ఏళ్ళ ఓపిక ఉన్నవాడు వీటిని పెంచితే నేను తప్పు పట్టను. పెరిగిన పొడవు ఆరడుగులు దాటే ఏ జాతికీ ఇల్లు తగదన్నదే నా వాదం. ఆ హద్దును అడుగు ఇటో అటో జరుపుదామంటే వాదించను.

మన ఊళ్ళలో ఇళ్ళలో ఎవరు సొరలు పెంచుతున్నారని అడగవచ్చు. నిజమైన సొరలు మనకు అరుదు. కాని అక్వేరియం దుకాణాలలో ‘షార్క్’ అనే పేరుతో ఒక చేపను విరివిగా అమ్ముతున్నారు. వెండిరంగు ఒళ్ళు, నిటారైన వీపురెక్క, రెండు మూడు అంగుళాల పొడవు. మా తరగతిలో ఒక విద్యార్థి తన ఇంట రెండు సొరలు ఉన్నాయని గర్వంగా చెబితే, దానికి మీసాలున్నాయేమో చూచి రమ్మన్నాను. ఉన్నాయి. అది సొర కాదు, జెల్లల వర్గానికి చెందిన పంగాసియస్. కొల్లేటి పరిసరాల చెరువులలో మన రైతులు టన్నుల కొద్దీ పెంచి అమ్మే చేప. స్వస్థలం మెకాంగ్, చావ్ ఫ్రాయా నదులు. గుంపుగా తిరిగే పిరికి చేప. దీపం వేస్తేనే బెదిరి అద్దానికి కొట్టుకొంటుంది. దాని పొడవు 130 సెంటీమీటర్ల దాకా, బరువు 44 కిలోల దాకా పెరిగిన దాఖలాలు ఉన్నాయి. ఉపాధ్యాయులు పైన చేసిన ఘనపు లెక్కను ఈ చేపకు వర్తింపజేసి తరగతిలో చేయించవచ్చు. 5 సెంటీమీటర్లతో మొదలుపెట్టి మీటరు దగ్గర ఆపినా బరువు 8,000 రెట్లు వస్తుంది. మా విద్యార్థి తొట్టె పొడవు రెండడుగులు. ‘పెద్దవైతే తెచ్చి ఇవ్వండి, చిన్నవి ఇస్తాను’ అన్నాడట దుకాణదారుడు. తెచ్చి ఇచ్చినవాటిని ఏం చేస్తారో అడిగి రమ్మని అతన్ని మళ్ళీ పంపాను.